అచ్చేసిన పంచాంగంలాంటి వెబ్‌సైట్

ఉగాదికి పంచాంగం కొని దేవుడి గూట్లో పెట్టుకున్నవాళ్లు ఏకాదశి ఎప్పుడో తెలుసుకోవడానికి సిద్ధాంతిగారి ఇంటికి పరుగెత్తరు. గ్రహగణితమంతా ఆయన ముందే చేసేశారు, పుస్తకం అచ్చయింది, తెరిచి చూసుకుంటే చాలు. లక్షమంది తెరిచినా ఆయన మళ్లీ లెక్క కట్టనక్కర్లేదు. వెబ్‌సైట్లలోనూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. అడిగిన ప్రతిసారీ లెక్క కట్టి జవాబిచ్చేది ఒకటి, ముందే కట్టేసి అచ్చు వేసి పెట్టేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని స్టాటిక్ సైట్ అంటారు. ఆ అచ్చు పని చేసిపెట్టే ప్రోగ్రామే స్టాటిక్ సైట్ జనరేటర్.

మొదటి రకం సైట్‌లో మీరు లింకు నొక్కగానే దూరాన ఎక్కడో సర్వర్‌లో ఒక ప్రోగ్రామ్ పనిలోకి దిగుతుంది. డేటాబేస్‌ని అడిగి సమాచారం తెస్తుంది, పేజీ కూరుస్తుంది, మీకు పంపుతుంది. మీ వెనకాలే వచ్చిన మనిషికి మళ్లీ మొదటినుంచీ అదే తతంగం. మీ బ్యాంకు ఖాతాలో నిల్వ ఎంతో చెప్పాలంటే వేరే దారి లేదు. కానీ ఫలానా సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లో ఎలా ఎక్కించుకోవాలో చెప్పే పేజీ సంగతి వేరు. గుంటూరులో చదివినా డల్లాస్‌లో చదివినా అదే పేజీ. రాసినవాళ్లు మార్చినప్పుడే అది మారుతుంది తప్ప చదివేవాళ్లు వచ్చినప్పుడల్లా మారదు. అందుకని కష్టమేదో మార్చిన రోజునే ఒక్కసారి పడితే సరిపోతుంది. ఇలాంటి వివరణ పేజీలుండే డాక్యుమెంటేషన్ సైట్లు ఇంచుమించు అన్నీ ఈ దారి పట్టడానికి అసలు కారణం ఇదే. డేటాబేస్ లేదు కాబట్టి దాన్ని కొల్లగొట్టేవాడి భయం లేదు, లాగిన్ లేదు కాబట్టి పాస్‌వర్డ్ పోయే బాధ లేదు. హఠాత్తుగా వేలమంది వచ్చిపడినా సర్వర్ చేయాల్సిందల్లా సిద్ధంగా ఉన్న ఫైలును అందించడమే.

నిజానికి ఇది కొత్త పద్ధతేమీ కాదు, వెబ్ పుట్టిందే ఇలా. 1991లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయం నుంచి టిమ్ బెర్నర్స్-లీ లోకానికి చూపిన మొట్టమొదటి సైట్, వెబ్ పేజీలు రాసే భాషైన హెచ్‌టీఎంఎల్‌లో చేత్తో రాసిన ఫైళ్ల మూట. వెబ్ అంటే ఏమిటో, ఎలా వాడాలో చెప్పే పేజీలే అందులో ఉండేవి. అంటే ప్రపంచంలో మొదటి వెబ్‌సైటే ఒక డాక్యుమెంటేషన్ సైట్. 2013లో సెర్న్ వాళ్లు 1992 నాటి ప్రతిని వెలికితీసి పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టారు. ఇవాళ్టి ఫోన్ బ్రౌజర్‌లో కూడా అది చక్కగా తెరుచుకుంటుంది. డేటాబేస్ మీద ఆధారపడిన సైట్‌ని అన్నేళ్ల తర్వాత లేపి నడిపించాలంటే ఎంత తిప్పలు పడాలో ఆ పనిలో ఉన్నవారికి తెలుసు.

చేత్తో హెచ్‌టీఎంఎల్ రాయడంలో చిక్కేమిటంటే, వంద పేజీలున్నప్పుడు పైన మెనూలో ఒక్క పేరు మార్చాలంటే వంద ఫైళ్లూ తెరవాలి. అందుకే జనం డేటాబేస్ సైట్ల వైపు మళ్లారు. 2008లో గాలి మళ్లీ ఇటు తిరిగింది. ప్రోగ్రాముల కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సేవ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ జెకిల్ అనే జనరేటర్‌ను బయటపెట్టారు. అదే ఏడాది పైథాన్ భాష డాక్యుమెంటేషన్ కోసం జార్జ్ బ్రాండ్ల్ స్ఫింక్స్‌ను తయారుచేశారు. లినక్స్ కెర్నెల్ డాక్యుమెంటేషన్ కూడా 2016 నుంచి స్ఫింక్స్ మీదికి చేరింది. తర్వాత గో భాషలో రాసిన హ్యూగో, ఫేస్‌బుక్ నుంచి డాక్యుసారస్, ఇలా జాబితా పెరుగుతూ పోయింది. దేన్ని ఎంచుకోవాలన్నది చాలామంది అతిగా ఆలోచించే ప్రశ్న. వేల పేజీలుంటే హ్యూగో వేగం పనికొస్తుంది. పైథాన్ కోడ్‌లోంచే వివరణలు లాగాలంటే స్ఫింక్స్‌కు సాటి లేదు. మిగతా అందరికీ నేను చెప్పేది ఎంకేడాక్స్. టామ్ క్రిస్టీ 2014లో మొదలుపెట్టిన ఈ పైథాన్ పనిముట్టు డాక్యుమెంటేషన్ ఒక్కటే చేస్తుంది. ఒక్కటే చేస్తుంది కాబట్టి ఒక్క సాయంత్రంలో పట్టుబడుతుంది.

పైథాన్ ఉన్న కంప్యూటర్‌లో, పైథాన్ ప్రోగ్రాములను దించిపెట్టే పిప్ ద్వారా ఎంకేడాక్స్‌ను ఎక్కించుకుని, టెర్మినల్‌లో ఎంకేడాక్స్ న్యూ అన్న కమాండ్‌కు ప్రాజెక్టు పేరు తగిలించి ఇస్తే రెండే రెండు వస్తువులు పుడతాయి. ఒకటి యామెల్ పద్ధతిలో రాసిన అమరిక ఫైలు, రెండోది డాక్స్ అనే ఫోల్డరు. ఆ ఫోల్డరులో ఇండెక్స్ పేరుతో ఒక మార్క్‌డౌన్ ఫైలు ఉంటుంది. మార్క్‌డౌన్ అంటే 2004లో జాన్ గ్రూబర్ రూపొందించిన రాత పద్ధతి. మామూలు అక్షరాలే రాస్తాం. శీర్షికకు ముందు ఒక # గుర్తు, ఉపశీర్షికకు రెండు, నొక్కి చెప్పాల్సిన మాటకు అటూ ఇటూ నక్షత్రాలు. ఏ నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు, అందుకే అది నిలిచింది.

తర్వాత ఎంకేడాక్స్ సర్వ్ అంటే మీ సొంత కంప్యూటర్‌లోనే 127.0.0.1 చిరునామాలో 8000 నంబరు పోర్టు మీద సైట్ లేస్తుంది. ఒక పక్క ఎడిటర్, ఒక పక్క బ్రౌజర్ పెట్టుకుని రాస్తూ ఉంటే, సేవ్ చేసిన ప్రతిసారీ పేజీ తనంతట తానే కొత్తదవుతుంది. తృప్తిగా ఉందనుకున్నాక ఎంకేడాక్స్ బిల్డ్. అసలు అచ్చు పని ఇక్కడ జరుగుతుంది. ప్రోగ్రామ్ డాక్స్ ఫోల్డరంతా తిరిగి ఒక్కో మార్క్‌డౌన్ ఫైలునూ హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది. దాన్ని మెనూ, తలకట్టు, అడుగుపట్టీ ఉన్న మూసలో పోస్తుంది. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు మీరిచ్చిన లింకులను అసలు చిరునామాలుగా తిరగరాస్తుంది, వచ్చినవన్నీ సైట్ అనే కొత్త ఫోల్డరులో పేరుస్తుంది. వంద పేజీల పని కొన్ని సెకన్లలో అయిపోతుంది. మెనూలో పేరు మారిందా? అమరిక ఫైలులో ఒక్క పంక్తి మార్చి మళ్లీ బిల్డ్ అంటే సరి.

కొత్తవాళ్లు తడబడే చోట్లు రెండున్నాయి, రెండూ ఖాళీ జాగాలకు సంబంధించినవే. యామెల్ ఫైలులో లోపలికి జరపడానికి ట్యాబ్ మీట వాడకూడదు, స్పేసులే వాడాలి. మార్క్‌డౌన్‌లో జాబితా లోపల జాబితా పెట్టాలంటే ఎంకేడాక్స్ వాడే పైథాన్ లైబ్రరీ నాలుగు స్పేసులు అడుగుతుంది. రెండిస్తే గిట్‌హబ్‌లో సవ్యంగానే కనిపిస్తుంది, మీ సైట్‌లో మాత్రం పిల్ల జాబితా వచ్చి తల్లి జాబితాలో కలిసిపోతుంది. యామెల్‌కు ఇంకో వింత గుణం కూడా ఉంది. నార్వే దేశపు రెండక్షరాల సంకేతం ఇంగ్లీషులో 'కాదు' అనే మాటతో ఒకటే కావడంతో, 1.1 వెర్షన్ ప్రకారం నడిచే ప్రోగ్రాములు దాన్ని దేశంగా కాక 'అసత్యం' అనే విలువగా చదివేస్తాయి. ప్రోగ్రామర్లు దీన్ని నార్వే సమస్య అనే పిలుచుకుంటారు. కొటేషన్ గుర్తుల్లో పెడితే ఆ బెడద లేదు.

ఇంతవరకూ ఏ భాషకైనా ఒకటే కథ. డాక్యుమెంటేషన్ తెలుగులో రాయబోతే అసలు సంగతులు బయటపడతాయి. వాటిని కాస్త దగ్గరగా చూద్దాం.

పేజీలో ఉన్న ప్రతి శీర్షికకూ జనరేటర్ ఒక గుర్తింపు పేరు పెడుతుంది. ఫలానా పేజీలో ఫలానా భాగానికి నేరుగా లింకు ఇవ్వగలిగేది ఆ పేరు వల్లనే. ఇంగ్లీషు శీర్షికైతే పెద్ద అక్షరాలను చిన్న అక్షరాలుగా మార్చి, మాటల మధ్య అడ్డగీతలు పెట్టి ఆ పేరు తయారుచేస్తుంది. తెలుగు శీర్షిక వస్తే? పైథాన్ మార్క్‌డౌన్ లైబ్రరీ మామూలుగా చేసేది, ఇంగ్లీషు అక్షరాల పట్టికలో లేనివన్నీ చెరిపేయడం. తెలుగు మొత్తం చెరిగిపోయి ఖాళీ మిగులుతుంది. ఖాళీ పేరు పెట్టకూడదు కాబట్టి మొదటి శీర్షికకు అండర్‌స్కోర్ పక్కన 1, రెండోదానికి 2, ఇలా వరసగా అంకెలేస్తుంది. ఈ రోజుకు గొడవ లేదు. రేపు మీరు పేజీ మధ్యలో కొత్త భాగం చేరిస్తే దాని కిందున్న అంకెలన్నీ ఒక్కోటి జరుగుతాయి. నిన్న ఎవరో మిత్రుడికి పంపిన లింకు ఇవాళ ఇంకో విషయం దగ్గరికి తీసుకెళుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, తప్పు చోటికి వెళ్లామని చదివేవాడికి కూడా వెంటనే తెలియదు.

దీనికి అదే లైబ్రరీలో యూనికోడ్ పేర్లను అనుమతించే మరో ఫంక్షన్ ఉంది. అమరిక ఫైలులో దాన్ని పెట్టుకోమని చాలా చోట్ల సలహా కనిపిస్తుంది. పెట్టి చూడండి. 'తెలుగు' అన్న శీర్షిక 'తలగ' అవుతుంది. 'మొదటి మెట్టు' కాస్తా 'మదట-మటట'. కారణం పైథాన్‌లో ఉంది. ఒక గుర్తు మాటలో భాగమా కాదా అని తేల్చే పైథాన్ నియమం అక్షరాలనూ అంకెలనూ ఒప్పుకుంటుంది, గుణింతపు గుర్తులను ఒప్పుకోదు. యూనికోడ్ లెక్కలో 'త' అక్షరం, దానికి తగిలించే ఎత్వం సంయోజక చిహ్నం. పొల్లు, సున్నా కూడా ఆ కోవలోవే. కాబట్టి విరామ చిహ్నాలతోపాటు గుణింతాలన్నీ ఊడ్చుకుపోతాయి. 'కల', 'కాలు', 'కీలు' మూడూ 'కల' అయిపోయి, రెండోదానికీ మూడోదానికీ మళ్లీ అంకెలు తగులుతాయి. హిందీకీ తమిళానికీ ఇదే గతి. లాటిన్ లిపిని మనసులో పెట్టుకుని రాసిన నియమం మన లిపికి ఎలా తగులుతుందో చూడాలంటే ఇంతకన్నా చిన్న ఉదాహరణ దొరకదు.

గుణింతాలు నిలిచినా ఇంకో ఇబ్బంది కాచుకుని ఉంటుంది. తెలుగు లిపిలోని ఒక్కో సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. చిరునామాలోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటు ఒక శాతం గుర్తు, రెండు అంకెలు లేదా అక్షరాలుగా విడిపోతుంది. 'తెలుగు' అనే మాటలో ఆరు సంకేతాలున్నాయి కాబట్టి 18 బైట్లు, వెరసి 54 గుర్తులు. బ్రౌజర్ పట్టీలో ముద్దుగా తెలుగులోనే కనిపించే లింకును కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూస్తే ఆ పొడవు అర్థమవుతుంది. అందుకే నా సలహా మోటుగా ఉంటుంది: శీర్షిక తెలుగులో రాయండి, దాని గుర్తింపు పేరు మాత్రం మీరే పొట్టిగా లాటిన్ అక్షరాల్లో ఇచ్చేయండి. శీర్షిక చివర మీసాల బ్రాకెట్లలో # గుర్తు పెట్టి పేరు రాసే వీలు లైబ్రరీకి ఉంది, లక్షణాల జాబితా అనే పొడిగింపును అమరిక ఫైలులో తెరిస్తే చాలు. శీర్షిక మాటలు తర్వాత మార్చుకున్నా లింకులు చెడవు. ఇది భాషాభిమానానికి సంబంధించిన విషయం కాదు, లింకు బతకడానికి సంబంధించినది.

ఫాంటు సంగతి కూడా చూసుకోవాలి. మార్టిన్ డోనాట్ 2016లో విడుదల చేసిన మెటీరియల్ థీమ్‌నే ఎంకేడాక్స్ వాడేవాళ్లలో చాలామంది పెట్టుకుంటారు. అది మామూలుగా వాడే రోబోటో ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు. బ్రౌజర్ తన దగ్గరున్న ఏదో ఒక తెలుగు ఫాంటుతో సర్దుకుంటుంది, ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా. నోటో సాన్స్ తెలుగు లాంటిది మీరే చెప్పి, వరసల మధ్య ఎడం పెంచండి. లాటిన్ అక్షరాలకు సరిపోయే ఎడం మన వత్తుల కింద చాలదు.

ఇక వెతుకులాట. సర్వర్‌లో ప్రోగ్రామ్ లేనప్పుడు సైట్‌లో వెతికేదెవరు? దీనికి చేసిన ఏర్పాటు తెలివైనది. బిల్డ్ సమయంలోనే పేజీలన్నింటిలోని పాఠాన్నీ ఒక సూచీ ఫైలులోకి ఎక్కిస్తారు. బ్రౌజర్ ఆ ఫైలును దించుకుని, లనర్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీతో మీ కంప్యూటర్‌లోనే వెతుకుతుంది. మీరేం వెతికారో సర్వర్‌కు తెలియదు కూడా. ఇంగ్లీషు అమరికలోనే వదిలేస్తే లనర్ ప్రతి మాటకూ చివర్లు కత్తిరించి శుభ్రం చేస్తుంది. జావాస్క్రిప్ట్ దృష్టిలో తెలుగు మాట మొత్తం 'అక్షరం కానిదే' కాబట్టి ఆ శుభ్రతలో మాటే మిగలదు. అమరిక ఫైలులో వెతుకుడు భాషల్లో తెలుగును చేర్చడం మరిచిపోకూడదు. అది చేర్చినా విభక్తులన్నీ అది విప్పుకుంటుందని ఆశ పెట్టుకోకండి. 'ఇల్లు' అని వెతికితే 'ఇంట్లో' దొరకదు. కంటికి కనపడని చిక్కు ఇంకొకటుంది. 'సర్వర్‌లో' అని రాసేటప్పుడు పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో ఒక అదృశ్య సంకేతం పెడతాం. ఒకరు అది పెట్టి, ఇంకొకరు పెట్టకుండా 'సర్వర్లో' అని రాస్తే యంత్రానికి అవి రెండు వేరు మాటలు. ఒకే సైట్‌కు నలుగురు రాసేటప్పుడు ఏ రూపం వాడాలో ముందే అనుకోవడం మేలు.

సైట్ ఫోల్డరు తయారయ్యాక దాన్ని ప్రపంచానికి చూపించడం తేలిక. ఫైళ్లను అందించగల ఏ సర్వర్ అయినా పనికొస్తుంది. గిట్‌హబ్ పేజెస్ 2008 నుంచీ ఈ సేవ ఉచితంగా ఇస్తోంది. ప్రచురించే సైట్ ఒక గిగాబైటు దాటకూడదు, నెలకు వంద గిగాబైట్ల రాకపోకల వరకూ పేచీ లేదు. డాక్యుమెంటేషన్‌కు ఇది కావలసినంత. ఎంకేడాక్స్‌లో ప్రచురణకు ప్రత్యేకంగా ఒక కమాండ్ ఉంది. అది బిల్డ్ చేసి, ఫలితాన్ని గిట్‌హబ్‌లో వేరే శాఖలోకి (బ్రాంచిలోకి) తోసేస్తుంది. నిమిషాల్లో సైట్ బయటికొస్తుంది.

బయటికొచ్చాక ఇంట్లో బాగున్నది అక్కడ చెడిందంటే మూడు అనుమానాలు పడాలి. మొదటిది, సైట్ డొమైన్ మొదట్లో కాక ప్రాజెక్టు పేరున్న ఉపఫోల్డరులో కూర్చుంటుంది. ఏటవాలు గీతతో మొదలయ్యే లింకులన్నీ ఆ ఫోల్డరు బయటికి చూస్తూ విరిగిపోతాయి. రెండోది, విండోస్‌లో ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాల తేడా ఫైలు పేర్లలో పట్టింపు లేదు, లినక్స్ సర్వర్‌లో ఉంది. మీ దగ్గర కనిపించిన బొమ్మ అక్కడ మాయమైతే పేరు ఒకసారి చూడండి. మూడోది స్ఫింక్స్ వాడేవాళ్లకు తగులుతుంది. స్ఫింక్స్ తన రంగులు, అలంకరణల ఫైళ్లను అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫోల్డరులో పెడుతుంది. గిట్‌హబ్ పేజెస్ లోపల నడిచే జెకిల్ అండర్‌స్కోర్‌తో మొదలయ్యేవాటిని తన సొంత సరుకనుకుని పక్కన పెట్టేస్తుంది. పేజీ వస్తుంది, అలంకరణ రాదు. 'జెకిల్ వద్దు' అన్న అర్థంలో చుక్కతో మొదలయ్యే ఒక ఖాళీ ఫైలు పెడితే దారికొస్తుంది. ఆ ఫైలును ఎంకేడాక్స్ ప్రచురణ కమాండ్ తనే పెట్టేస్తుంది.

ఈ పనంతా చేత్తో చేయడం మొదటివారం బాగానే ఉంటుంది. తర్వాత గిట్‌హబ్ యాక్షన్స్‌కు అప్పగించడం మంచిది. మార్పు ముఖ్య శాఖలోకి చేరగానే ఒక తాత్కాలిక కంప్యూటర్ లేచి, ఎంకేడాక్స్ ఎక్కించుకుని, బిల్డ్ చేసి, ప్రచురించి మాయమవుతుంది. బిల్డ్ కమాండ్‌కు కఠిన తనిఖీ అనే మీట తగిలించడం ఇక్కడ తప్పనిసరి అంటాను. అది పెడితే లేని పేజీకి లింకు ఒక్కటున్నా బిల్డ్ ఆగిపోతుంది, విరిగిన సైట్ జనంలోకి వెళ్లదు. ఏ పనిముట్టు ఏ వెర్షనో ఒక ఫైలులో రాసిపెట్టండి. లేకపోతే మీరేమీ మార్చకపోయినా ఒక ఉదయం బిల్డ్ కూలుతుంది. ప్రతి పేజీ మీదా పెన్సిల్ గుర్తు పెడితే చదివేవాళ్లే తప్పు దిద్ది పంపగలుగుతారు. పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నవాళ్లకు పాత పేజీలే కావాలి కాబట్టి వెర్షన్లవారీగా ఉంచే ఏర్పాటూ చూసుకోవాలి. ఎంకేడాక్స్‌కు మైక్ అనే తోడు పనిముట్టుంది. 2010లో మొదలైన రీడ్ ద డాక్స్ సేవైతే ఆ పని తనే చూసుకుంటుంది.

స్టాటిక్ సైట్ చేయలేనివి లేకపోలేదు. ఎవరు వచ్చారో చూసి వాళ్లకు తగ్గ పేజీ చూపాలన్నా, ఫారం నింపించుకుని దాచుకోవాలన్నా, నిమిషానికోసారి మారే ధర చూపాలన్నా బయటి సేవల మీద ఆధారపడాలి. టెర్మినల్ అంటే భయపడే సంపాదకులు పదిమంది ఉన్న సంస్థలో ఇది పెడితే ఎవరూ రాయరు, ఉన్న డాక్యుమెంటేషన్ కూడా పాతబడిపోతుంది. అలాంటి చోట డేటాబేస్‌తో నడిచే వర్డ్‌ప్రెస్సే నయం.

పనిముట్లు మారిపోతాయన్న దిగులు కొందరికి ఉంటుంది. అది నిజమే. 2025లో మెటీరియల్ థీమ్ బృందం జెన్సికల్ అనే కొత్త జనరేటర్‌ను ప్రకటించింది, పాత థీమ్‌కు ఇక మరమ్మతులే తప్ప కొత్త హంగులుండవని చెప్పింది. ఎంకేడాక్స్ అమరిక ఫైలును జెన్సికల్ చదువుకోగలదు. చదువుకోలేకపోయినా పోయేది అమరిక ఫైలొక్కటే. డాక్స్ ఫోల్డరులోని మార్క్‌డౌన్ ఫైళ్లు ఎక్కడికీ పోవు. డేటాబేస్‌లోంచి పదేళ్ల రాతలు బయటికి లాగాల్సిన పని పడ్డవారికి ఈ ఒక్క సంగతి చాలు.

తెలుగులో డాక్యుమెంటేషన్ రాస్తున్నవారికి ఒక మనవి. శీర్షికల పేర్లలో గుణింతాలు నిలిచేలా పైథాన్‌లో ఒక ఫంక్షన్ రాసుకోవడం పది, పదిహేను పంక్తుల పని. ఆ అవసరం పడి మీరు రాసుకుంటే మీ ప్రాజెక్టులోనే దాచుకోకండి. పైథాన్ మార్క్‌డౌన్ లైబ్రరీ కోడ్ అందరికీ తెరిచే ఉంది, సవరణ అక్కడికే పంపండి. దేవనాగరిలో, తమిళంలో, కన్నడంలో రాసేవాళ్లకు కూడా అదే సవరణ పనికొస్తుంది.